రక్తానికి ముందు గడిచే కాలం

1957లో బ్రిటన్‌లో ‘నైట్ ఆఫ్ ద డీమన్’ సినిమా తయారవుతున్నప్పుడు దర్శకుడికీ నిర్మాతకూ గట్టి తగవు వచ్చింది. ఎం.ఆర్. జేమ్స్ కథ అది. క్షుద్రవిద్యలు నేర్చిన ఒక పెద్దమనిషి, తనకు అడ్డొచ్చినవాళ్ల చేతికి వాళ్లకు తెలియకుండానే ఒక చీటీ చేరవేస్తాడు. ఆ చీటీ ఎవరి దగ్గరుంటే వాళ్లు చెప్పిన రోజున, చెప్పిన వేళకు చావాలి. గడువులోగా దాన్ని ఇచ్చినవాడికే తిరిగి అంటగట్టగలిగితే బతికిపోతారు. పిశాచాన్ని తెర మీద రెప్పపాటు కంటే ఎక్కువసేపు చూపించకూడదని దర్శకుడు జాక్ టూర్నర్ పట్టుదల. నిర్మాత హాల్ చెస్టర్ ఒప్పుకోలేదు. మొదట్లో ఒకసారి, ముగింపులో ఒకసారి ఆ బొమ్మను దగ్గర నుంచి నిండుగా చూపించేశాడు. స్క్రిప్టు రాసిన చార్లెస్ బెన్నెట్‌కు ఆ మార్పు మీద కోపం పోనేలేదు.

ఇప్పుడు ఆ సినిమా చూస్తే పిశాచం వచ్చినప్పుడల్లా మన దృష్టి దాన్ని తయారుచేసిన పనితనం మీదికి పోతుంది. చీటీ చేతిలోంచి జారి, గాలికి ఎగిరి, నెగడు ముందున్న జాలీకి అంటుకుని కొట్టుకులాడినప్పుడు మాత్రం అరవై ఏళ్లు దాటినా ఊపిరి బిగపట్టాల్సిందే. అది కాలిపోతే కథానాయకుడు ఇక తప్పించుకోలేడని మనకు తెలుసు. ఒక కాగితం ముక్క, కొంచెం గాలి. అంత పని చేయడానికి అవి సరిపోయాయి.

భయపెట్టే సినిమాల మీద వాదన ఎక్కడ మొదలైనా ఈ పాత తగవే తిరిగొస్తుంది. చూపించనిదే అసలైన భయం అని ఒక పక్షం. కత్తి దిగేటప్పుడు కెమెరా పక్కకు తిప్పేస్తే అది పిరికితనం అని రెండో పక్షం. నేను మొదటి పక్షం మనిషినే. అయినా ఈ తగవును నెత్తురు కొలిచి తేల్చడం పొరపాటని నా నమ్మకం. నెత్తురు కారడానికి ముందు ప్రేక్షకుడికి ఏం తెలుసు, ఎంతసేపు ఎదురుచూశాడు, ఎవరి కోసం ఎదురుచూశాడు అన్నవే నాకు ముఖ్యమైన ప్రశ్నలు. వాటికి జవాబున్న సినిమాలో చుక్క నెత్తురు లేకపోయినా లోటుండదు, బిందెలకొద్దీ పారినా చెడిపోదు.

మన లక్షణకారులు భయాన్నీ అసహ్యాన్నీ ఏనాడో విడదీశారు. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు భయానకం, బీభత్సం అని రెండు వేర్వేరు రసాలు చెప్పాడు. ఒకదానికి స్థాయిభావం భయం, రెండోదానికి జుగుప్స. అంతటితో ఆగలేదు. నాలుగు మూలరసాల నుంచి మిగతా నాలుగు పుడతాయంటూ, బీభత్సం నుంచి భయానకం పుడుతుందన్నాడు. ఈ క్రమం మీద నాకు చాలా గౌరవం. అసహ్యం కలిగించే దృశ్యం తనంతట తాను భయం కాదు, కాని భయానికి కన్నతల్లి కాగలదు. అదే భరతుడు చావును, యుద్ధాన్ని అంకంలో నేరుగా ప్రదర్శించకూడదని, జరిగినట్టు చెప్పించాలని కూడా నియమం పెట్టాడు. గ్రీకులూ అంతే. వాళ్ల విషాద నాటకాల్లో హత్యలు లోపల జరుగుతాయి, దూత వచ్చి వర్ణిస్తాడు. భయాన్నీ జాలినీ కంటికి కనిపించే ఆర్భాటంతో కంటే కథ అల్లికతో పుట్టించడం మేలని అరిస్టాటిల్ ‘పొయెటిక్స్’లో తీర్పు చెప్పాడు. 1826లో అచ్చయిన వ్యాసంలో ఆంగ్ల నవలాకారిణి ఆన్ రాడ్‌క్లిఫ్ కూడా, మనసును మేల్కొలిపే భీతి వేరు, మనసును గడ్డకట్టించే బెదురు వేరు అని గీత గీసింది.

మన శరీరం కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. ప్రమాదం పొంచి ఉందని తెలిసినప్పుడు గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, చెవులు చిన్న చప్పుడుకూ స్పందిస్తాయి. పరుగెత్తడానికో పోరాడడానికో ఒళ్లు సిద్ధమవుతుంది. నెత్తురు, గాయం చూస్తే తట్టుకోలేని మనుషుల్లో జరిగేది ఇందుకు దాదాపు వ్యతిరేకం. గుండె వేగం, రక్తపోటు ఒక్కసారి పెరిగి వెంటనే దబ్బున పడిపోతాయి. అందుకే వాళ్లు కళ్లు తిరిగి పడిపోతారు. పాముకు భయపడేవాడు పారిపోతాడు, సూదికి భయపడేవాడు సోలిపోతాడు. కాబట్టి ఒక సినిమాలో ఎవరో మూర్ఛపోయారన్న వార్త ఆ సినిమా భయపెట్టిందనడానికి సాక్ష్యం కాదు. పోస్టర్ల మీద దాన్ని గొప్పగా వేసుకునే నిర్మాతలు ఈ తేడాను పట్టించుకోరు.

సస్పెన్స్ గురించి అందరూ తలుచుకునేది హిచ్‌కాక్ చెప్పిన బాంబు ఉదాహరణ. 1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫోతో జరిపిన సుదీర్ఘ సంభాషణలో అది వస్తుంది. ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కబుర్లు చెప్పుకుంటుంటే బల్ల కింది బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడికి పదిహేను సెకన్ల అదురు. బాంబు అక్కడుందని, ఒంటిగంటకు పేలుతుందని ప్రేక్షకుడికి ముందే చెప్పి, గోడ మీద గడియారం పావు తక్కువ ఒంటిగంట చూపిస్తే పదిహేను నిమిషాల ఉత్కంఠ. చాలామంది ఇందులో దాచడం గొప్పదన్న నీతి తీస్తారు. హిచ్‌కాక్ చెప్పింది దానికి పూర్తిగా ఎదురు. ప్రేక్షకుడికి చెప్పేయాలి. పాత్రకు తెలియనిది మనకు తెలిసినప్పుడే మన చేతులు కుర్చీ పట్టుకుంటాయి. 1998లో జపాన్‌లో హిదెయో నకాతా తీసిన ‘రింగు’లో వీడియో చూసినవాళ్లకు ఏడు రోజుల గడువు. ఏడో రోజున ఏం జరుగుతుందో మొదట్లోనే చెప్పేశాడు. టూర్నర్ చీటీ లాగే అక్కడా భయమంతా తారీఖు లోపలే ఉంది.

టూర్నర్ ఈ విద్య నేర్చుకున్న చోటు గురించి కొంచెం ఆగి చెప్పాలి. 1942లో హాలీవుడ్‌లో ఆర్‌కేఓ స్టూడియో వాల్ ల్యూటన్ అనే నిర్మాతకు చిన్న హారర్ సినిమాల విభాగం అప్పగించింది. ఒక్కో సినిమాకు లక్షా యాభై వేల డాలర్లు దాటకూడదు, నిడివి డెబ్బై అయిదు నిమిషాలకు మించకూడదు, పేరు స్టూడియో నిర్ణయిస్తుంది. వాళ్లిచ్చిన మొదటి పేరు ‘క్యాట్ పీపుల్’. రాక్షస వేషాలకు డబ్బు లేదు. ఆ ఇబ్బందిలోంచే ల్యూటన్, టూర్నర్ ఒక పద్ధతి తయారుచేసుకున్నారు. రాత్రి పార్కు పక్క దారిలో ఒక అమ్మాయి నడుస్తుంటుంది, వెనక మరో స్త్రీ అడుగుల చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది. ఆగిపోవడమే భయం. అమ్మాయి పరుగందుకుంటుంది. పులి మీదికి దూకిందేమో అనిపించే బుస్సుమనే శబ్దంతో ఒక బస్సు ఫ్రేములోకి వచ్చి ఆగుతుంది. ఎడిటర్ మార్క్ రాబ్సన్ కూర్చిన ఆ కత్తిరింపును సినిమావాళ్లు ఇప్పటికీ ‘ల్యూటన్ బస్సు’ అనే పిలుస్తారు. ఈత కొలను దృశ్యంలోనైతే నీటి వెలుతురు గోడల మీద కదలడం, ఒక గుర్రు, అమ్మాయి కేక తప్ప ఏమీ లేదు. కొలనులో ఒంటరిగా ఈదుతున్న మనిషి ఎంత నిస్సహాయంగా ఉంటుందో మనకు తెలుసు కాబట్టి అది సరిపోయింది.

తరవాత 1960. ఒకే ఏడాది మూడు దేశాల్లో మూడు సినిమాలు ఈ ప్రశ్నను మూడు దిక్కుల నుంచి పట్టుకున్నాయి. అమెరికాలో హిచ్‌కాక్ ‘సైకో’, బ్రిటన్‌లో మైకేల్ పావెల్ ‘పీపింగ్ టామ్’, ఫ్రాన్స్‌లో జార్జ్ ఫ్రాంజు ‘ఐస్ వితౌట్ ఎ ఫేస్’.

‘సైకో’లో స్నానాల గదిలో అమ్మాయి హత్య జరిగే దృశ్యం గురించి ఎంత రాసినా తరగదు. తెర మీద ఉండేది ముప్పావు నిమిషం. తీయడానికి వారం పట్టింది. రక్తంగా వాడింది చాక్లెట్ సిరప్, కత్తిపోటు చప్పుడుకు కర్బూజ పండు. కత్తి ఒంట్లోకి దిగడం స్పష్టంగా చూశామని ఒట్టేసి చెప్పగల ప్రేక్షకులు ఎంతోమంది ఉన్నారు. వాళ్లు చూసింది చకచకా మారే ముక్కలను, విన్నది బెర్నార్డ్ హెర్మన్ తంత్రీవాద్యాల కీచును. ఆ చోట సంగీతమే వద్దని హిచ్‌కాక్ మొదట అనుకున్నాడు. హెర్మన్ చేసింది విన్నాక మనసు మార్చుకున్నాడు. కాని నాకు ‘సైకో’లో ఇంతకంటే గొప్పగా తోచేది ఆ వెంటనే వచ్చే భాగం. మోటెల్ నడిపే నార్మన్ ఆ గది కడిగి, శవాన్ని కారులో పెట్టి, కారును ఊబిలోకి నెడతాడు. సగం మునిగి కారు ఆగిపోతుంది. ‘మునగాలి, మునగాలి’ అని మన మనసు కోరుకుంటుంది. అప్పటిదాకా చనిపోయిన అమ్మాయి పక్షాన ఉన్న మనం క్షణంలో సాక్ష్యం మాపేవాడి పక్షం చేరాం. నెత్తురు చుక్క లేదు, దెయ్యం లేదు. మన గురించి మనకే భయం వేస్తుంది. ఉత్కంఠకు మాత్రమే చేతనైన పని ఇది.

1998లో గస్ వాన్ సాంట్ ‘సైకో’ను దాదాపు షాట్‌కు షాట్ అలాగే మళ్లీ తీశాడు. అవే సంభాషణలు, అదే సంగీతం, ఈసారి రంగుల్లో, ఎర్రటి నెత్తురుతో. అది ఎవరినీ భయపెట్టలేదు. సినిమాగా విఫలమైనా పరీక్షగా నాకది విలువైనదే. ఏ నిమిషానికి ఏం జరగబోతోందో ప్రేక్షకులందరికీ ముందే తెలిసినప్పుడు రంగు చేర్చినంత మాత్రాన పోయినది తిరిగి రాదని అది రుజువు చేసింది.

ఫ్రాంజు దారి వేరు. ఒక వైద్యుడు ప్రమాదంలో ముఖం పోగొట్టుకున్న కూతురి కోసం అమ్మాయిలను ఎత్తుకొచ్చి వాళ్ల ముఖచర్మం ఒలుస్తాడు. ఆ శస్త్రచికిత్సను కెమెరా కదలకుండా చూస్తుంది. అరుపుల్లేవు, ఉద్రేకపరిచే సంగీతం లేదు. ఎడిన్‌బరో చిత్రోత్సవంలో కొందరు స్పృహ తప్పారు. కాని ఆ దృశ్యం వచ్చేది కూతుర్ని, ఆమె తెల్లటి ముసుగును, ఆ ఇంటి నిశ్శబ్దాన్ని మనకు బాగా పరిచయం చేశాకే. ఆ తరవాత మరో అమ్మాయి ఆ ఇంటి గుమ్మం తొక్కగానే మనకు గుండె జారుతుంది. భరతుడు చెప్పిన క్రమం ఇదే. ఒక్కసారి చూపిన బీభత్సం మిగతా సినిమా అంతటికీ భయాన్ని అప్పిచ్చింది. పావెల్ పరిస్థితి దయనీయం. చంపుతూ సినిమా తీసే హంతకుడి కెమెరా వెనక మనల్ని కూర్చోబెట్టినందుకు బ్రిటిష్ విమర్శకులు అతన్ని చీల్చిచెండాడారు. నెత్తురు దాదాపు చూపించని ఆ సినిమా అంత గొప్ప దర్శకుడి వృత్తిజీవితాన్ని స్వదేశంలో కోలుకోనివ్వలేదు.

నెత్తురు వైపు చరిత్ర కూడా చిన్నది కాదు. పారిస్‌లో ఒకప్పటి ప్రార్థనామందిరంలో 1897లో తెరిచిన గ్రాన్ గిన్యోల్ నాటకశాల 1962 దాకా కళ్లు పీకడాలు, గొంతులు కోయడాలు వేదిక మీదే ప్రదర్శించింది. ఒకే సాయంత్రం ఒక భయంకర నాటిక, ఒక హాస్య నాటిక, మళ్లీ ఒక భయంకర నాటిక వేసేవారు. నవ్వించి ఒళ్లు వదులు చేయించాకే కత్తి తీయాలని వాళ్లకు తెలుసు. 1957లో బ్రిటన్ హామర్ సంస్థ ‘ద కర్స్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టయిన్’తో నెత్తురుకు రంగు తెచ్చింది. 1963లో హెర్షెల్ గోర్డన్ లూయిస్ అనే అమెరికన్ సుమారు పాతిక వేల డాలర్లతో ‘బ్లడ్ ఫీస్ట్’ తీశాడు. పెద్ద స్టూడియోలు చూపించలేనిదేదో చూపిస్తేనే తన చిన్న సినిమా బతుకుతుందన్న లెక్క తప్ప దాని వెనక మరేమీ లేదు. నటన లేదు, కథ లేదు, ఎదురుచూపు లేదు. చరిత్రలో చోటు తప్ప దానికి ఇంకేమీ ఇవ్వలేను.

జార్జ్ రొమేరో వచ్చాకే నెత్తురుకు అర్థం వచ్చింది. 1968 అక్టోబరులో ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్’ విడుదలైంది. అమెరికాలో వయసును బట్టి సినిమాలకు రేటింగ్ ఇచ్చే పద్ధతి మొదలైంది ఆ మరుసటి నెల. మధ్యాహ్నం ఆటకు వచ్చిన చిన్నపిల్లలు బిత్తరపోయి ఏడవడం చూసి విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఆవేదనతో రాశాడు. శవాలు మనుషుల్ని తినడం అందులో ఉంది. కాని అన్నిటికంటే గట్టి దెబ్బ చివర్లో ఉంది. రాత్రంతా ప్రాణాలు కాపాడుకున్న నల్లజాతి కథానాయకుణ్ని తెల్లవారాక గాలింపుకు వచ్చిన తెల్లవాళ్ల గుంపు నడిచే శవమనుకుని కాల్చేస్తుంది. పదేళ్ల తరవాత తీసిన ‘డాన్ ఆఫ్ ద డెడ్’లో రొమేరోకు గాయాలు తయారుచేసి ఇచ్చింది టామ్ సావీనీ. వియత్నాంలో సైనిక ఫొటోగ్రాఫరుగా అసలు శవాలను చూసి వచ్చినవాడు. ఆ పనిలో ఆర్భాటం ఉన్నా చులకన లేదు.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది జనం జ్ఞాపకంలో జరిగే తారుమారు. టోబ్ హూపర్ 1974లో తీసిన ‘ద టెక్సస్ చైన్ సా మాసకర్’ పేరు వింటేనే రక్తపుటేరు కళ్లముందు కదులుతుంది. నిజానికి అందులో కనిపించే నెత్తురు చాలా తక్కువ. చిన్నవాళ్లు పెద్దల తోడుతో చూడగల తేలిక రేటింగ్ వస్తుందని హూపర్ ఆశపడ్డాడు కూడా. ఒక అమ్మాయిని మాంసం వేలాడదీసే కొక్కేనికి తగిలించే దృశ్యంలో కొక్కెం దిగడం చూపించలేదు. కింద ఒక తొట్టి మాత్రం పెట్టాడు. ఆ తొట్టి దేనికో మన బుర్ర వెంటనే లెక్కకట్టేస్తుంది. ఎముకలు, ఎండ, చెమట, ఆగని రంపం మోత. బ్రిటన్‌లో సెన్సార్ బోర్డు 1999 దాకా దాన్ని పూర్తిగా అనుమతించలేదు. కత్తిరించి ఇద్దామంటే కత్తిరించడానికి ఫలానా దృశ్యమంటూ దొరకని సినిమా అది.

జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ది కూడా ఇదే కథ. 1978లో సుమారు మూడు లక్షల డాలర్లతో తీసిన ఆ సినిమాలో కత్తి ఎక్కువ, నెత్తురు తక్కువ. సంగీతం చేర్చకముందు ఒక స్టూడియో అధికారిణికి చూపిస్తే ఆమెకు ఏమాత్రం భయం వేయలేదని కార్పెంటరే చెప్పాడు. తరవాత ఆయనే కూర్చిన ఆ అయిదు దెబ్బల తాళం పియానో బాణీ సినిమా నడకనే మార్చేసింది. రెండేళ్లకు దాన్ని అనుకరిస్తూ వచ్చిన ‘ఫ్రైడే ద థర్టీన్త్’ ఎదురుచూపును వదిలేసి సావీనీ గాయాలను మాత్రం పట్టుకుంది. ఎనభైల్లో వరసకట్టిన స్లాషర్ సినిమాలన్నీ ఆ రెండోదాని పిల్లలు. వాటిలో చచ్చిపోయే యువకుల పేర్లు సినిమా అయిపోయేలోపే మరిచిపోతాం. మనిషి ఎవరో తెలియనప్పుడు వాడి తల తెగినా మేకప్ బాగుందనో బాగాలేదనో అనుకుంటాం తప్ప, అయ్యో అనిపించదు.

ఇంతవరకు చదివి నెత్తురు లేని సినిమానే నేను గెలిపిస్తున్నానని అనుకోకండి. హారర్‌లో నేను చూసిన అత్యుత్తమ ఉత్కంఠ దృశ్యం, విపరీతమైన రక్తమాంసాలున్న సినిమాలోనే ఉంది. 1982లో కార్పెంటరే తీసిన ‘ద థింగ్’. అంటార్కిటికా శిబిరంలో ఒక గ్రహాంతర జీవి మనుషుల రూపాలు పోసుకుంటూ ఉంటుంది. ఎవరు మనిషో ఎవరు కాదో తెలియదు. ఇరవైల్లో ఉన్న రాబ్ బాటిన్ తయారుచేసిన రూపాలు చూడలేనంత వికృతంగా ఉంటాయి. గుండె ఆగిన రోగికి షాక్ ఇస్తుంటే అతని ఛాతీ నోరులా తెరుచుకుని డాక్టరు చేతులు కొరికేస్తుంది. దాని వెంటనే రక్తపరీక్ష. మిగిలినవాళ్లను కుర్చీలకు కట్టేసి, ఒక్కొక్కరి రక్తం చిన్న గాజుపాత్రలో పోసి, ఎర్రగా కాల్చిన తీగ ముంచుతాడు కథానాయకుడు. సుయ్‌మంటుంది. ఇతను మనిషే. మరో పాత్ర, మళ్లీ సుయ్. తెర మీద ఉన్నది ఒక తీగ, కాసింత రక్తం. కాని ఇందాకటి ఛాతీని చూసి ఉన్నాం గనుక, తీగ ముంచిన ప్రతిసారీ మన భుజాలు బిగుస్తాయి. ముందు అది చూపించకపోతే ఈ పరీక్షకు ఇంత బిగువుండేది కాదు. రిడ్లీ స్కాట్ ‘ఏలియన్’లో భోజనాల బల్ల మీద కేన్ అనే పాత్ర రొమ్ము చీల్చుకుని వచ్చే పిల్ల జంతువుదీ ఇదే పని. ఆ తరవాత నీడల్లో దాదాపు కనిపించకుండా తిరిగే ఎదిగిన ప్రాణికి భయపడడానికి కావలసినదంతా ఆ ఒక్క దృశ్యం నేర్పేసింది.

‘ద థింగ్’ విడుదలైనప్పుడు అమెరికా జనం తిప్పికొట్టారు. రెండు వారాల ముందు వచ్చిన స్పీల్‌బర్గ్ ‘ఇ.టి.’లోని ముద్దొచ్చే గ్రహాంతరవాసి వాళ్ల మనసులు గెలుచుకున్నాడు. తరాలు మారాక ‘ద థింగ్’కు దక్కిన గౌరవం న్యాయమైనది.

2004లో జేమ్స్ వాన్, లీ వానెల్ అనే ఇద్దరు కుర్రాళ్లు పద్దెనిమిది రోజుల్లో, పన్నెండు లక్షల డాలర్లతో ‘సా’ తీశారు. అది పది కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. మొదటి భాగంలో ఉన్నది నిజంగా ఉత్కంఠే. ఒక పాడుబడ్డ బాత్రూములో గొలుసులతో కట్టేసిన ఇద్దరు మనుషులు, గడువు, ఒక రంపం. ఏటేటా వచ్చిన తరవాతి భాగాలు యంత్రాలను పెంచి మనుషుల్ని తగ్గించాయి. ‘హాస్టల్’ లాంటివీ కలిసి 2006 నాటికి విమర్శకుడు డేవిడ్ ఎడెల్‌స్టీన్ ఈ ధోరణికి ‘టార్చర్ పోర్న్’ అని పేరు పెట్టేదాకా వచ్చింది. వాన్ మాత్రం ఆ దారిలో ఆగిపోలేదు. 2013లో ‘ద కంజురింగ్’ తీశాడు. కళ్లకు గంతలు కట్టుకున్న తల్లి చప్పట్ల ఆట, బీరువాలోంచి రెండు చేతులు, చీకటి. నెత్తురుకు పేరుపడ్డ దర్శకుడు దాన్ని పక్కన పెట్టేశాడు. అయినా అమెరికా రేటింగ్ సంస్థ పెద్దల సర్టిఫికెట్టే ఇచ్చింది, సినిమా మరీ భయంగా ఉందని.

2024లో ‘టెరిఫయర్ 3’ సుమారు ఇరవై లక్షల డాలర్లతో తయారై తొమ్మిది కోట్ల దాకా వసూలు చేసింది. కాబట్టి నెత్తురుకు కాలం చెల్లిందనడం అబద్ధం. ఆ హాళ్లలో కుర్రాళ్లు కేకలు వేస్తూ, చప్పట్లు కొడుతూ చూస్తారు. గారడీ చూసే ఆనందం అది. ఎవరు ఎంతవరకు తట్టుకోగలరో అన్న పందెం అది. దాన్ని నేను తప్పుపట్టను. దాన్ని భయమని మాత్రం ఒప్పుకోను.

ఉత్కంఠ పక్షానికి కూడా ఒక నిష్ఠూరం చెప్పాలి. ల్యూటన్ బస్సును ఎనభై ఏళ్లుగా కాపీ కొట్టీ కొట్టీ అరగదీశారు. నిశ్శబ్దం, తలుపు, అద్దం, పిల్లి, ఢామ్మని శబ్దం. ల్యూటన్ బస్సులో అంతకుముందు ఒక నిమిషం పాటు పేరుకున్న అడుగుల చప్పుడు ఉంది. ఇప్పటి ‘జంప్ స్కేర్’లో శబ్దం మాత్రమే ఉంది. చెవి దగ్గర టపాసు పేలిస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు. దాన్ని సస్పెన్స్ అనడం హిచ్‌కాక్ చెప్పిన పదిహేను సెకన్లను పదిహేను నిమిషాలని చెప్పుకోవడమే. అలాగే ఏమీ చూపించకుండా, ఏమీ చెప్పకుండా రెండు గంటలు పొగమంచు చూపించి ‘నిగ్రహం’ అని పేరు పెట్టుకున్న సినిమాలూ ఉన్నాయి. ఏం జరగవచ్చో ప్రేక్షకుడికి తెలియకపోతే వాడు దేనికోసం ఎదురుచూడాలి?

తెలుగువాళ్లకు ఈ కలయిక కొత్తదేమీ కాదు. ప్రహ్లాద చరిత్రలో హిరణ్యకశిపుడి వరం షరతులు మనకు ముందే తెలుసు. మనిషి కాదు, మృగం కాదు. పగలు కాదు, రాత్రి కాదు. లోపల కాదు, బయట కాదు. స్తంభంలో ఉన్నాడా అని అతడు అడిగేసరికి స్తంభం పగులుతుందని ప్రతి పిల్లవాడికీ తెలుసు, అయినా ఎదురుచూస్తాడు. ఆ తరవాత గడప మీద, అసురసంధ్యలో, పేగులు తెంచే ఉగ్రరూపం. ఉత్కంఠ ముందు, బీభత్సం వెనక. 1932లో మన మొదటి టాకీ కూడా ‘భక్త ప్రహ్లాద’ కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

ఎనభైల్లో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వారపత్రికలో సీరియల్‌గా చదివినవాళ్లకు వారానికి ఒకసారి ఆగిపోయే భయం ఎలా ఉంటుందో గుర్తుండే ఉంటుంది. చేతబడికి గురైన చిన్నపిల్లకు ఏమవుతుందోనని ఏడు రోజులు ఆగాలి. 1985లో వంశీ ‘అన్వేషణ’ ఆ నిరీక్షణను అడవిలోకి తీసుకెళ్లింది. పులి చంపుతోందని జనం నమ్మే అడవి, పక్షుల కూతల్లో స్వరాలు వెతుక్కుంటూ వచ్చిన అమ్మాయి, ఇళయరాజా నేపథ్య సంగీతం. హారర్ అని అనకపోయినా, తెలుగులో భయాన్ని శబ్దంతో కట్టడం ఎలాగో నేర్చుకోవాలంటే ఇప్పటికీ ఆ సినిమా దగ్గరికే వెళ్లాలి.

రామ్‌గోపాల్ వర్మ ప్రయాణం మాత్రం జేమ్స్ వాన్‌కు సరిగ్గా ఎదురు దిశలో సాగింది. 1992లో ‘రాత్రి’ తీసినప్పుడు వెంటాడేది కనిపించదు, వెంటాడే చూపు మాత్రమే కెమెరాగా నేల మీదుగా పరుగెత్తుతుంది. 1999లో హిందీలో ‘కౌన్’: వాన, ఒక ఇల్లు, ముగ్గురు మనుషులు. 2003లో పాటల్లేని ‘భూత్’. అదే దర్శకుడు 2010లో ‘రక్త చరిత్ర’ తీసి, అనంతపురం కక్షలను పేరులోనే ఉన్నంత నెత్తురుతో తెరకెక్కించాడు. ఇది ఆయన ఒక్కడి మార్పు కాదు. తెలుగు తెర మీద నెత్తురు పారింది హారర్‌లో కంటే ఫ్యాక్షన్ సినిమాల్లోనే. వేటకొడవళ్లు, తెగిన చేతులు మనం పండగ సినిమాల్లో కుటుంబంతో కూర్చుని చూశాం. దెయ్యం సినిమాకు వచ్చేసరికి నిమ్మకాయలు, పసుపు కుంకుమలు, అమ్మవారు, కామెడీ. గ్రాన్ గిన్యోల్ లాగే నవ్వునూ భయాన్నీ కలిపి వడ్డించిన ‘ప్రేమకథా చిత్రమ్’ 2013లో గెలిచాక ఆ దారిలో చాలామంది నడిచారు. కాని పారిస్‌లో నవ్వు భయానికి దారి తీసేది, మన దగ్గర తరచు భయమే నవ్వుకు దారి తీస్తుంది.

సర్టిఫికెట్‌కు కూడా ఇందులో పాత్ర ఉంది. ‘ఎ’ వస్తే కుటుంబాలు రావు, టీవీలో అలాగే వేయడానికి వీలుండదు. నిర్మాత నెత్తురు తగ్గిస్తాడు సరే, దాని స్థానంలో ఎదురుచూపు పెట్టాలంటే స్క్రిప్టు మీద ఏళ్లు కూర్చోవాలి. అందుకే శబ్దం పెడతాడు. ఇంటర్వెల్ కూడా మన దర్శకులకు ఒక బరువు. సరిగ్గా సగంలో ఒక అదురు ఇచ్చి జనాన్ని బయటికి పంపాలి, వాళ్లు పాప్‌కార్న్‌తో తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి బిగువు పెంచాలి. కోడి రామకృష్ణ ‘అరుంధతి’ ఆ చిక్కును గొప్పగా దాటింది. పశుపతిని సమాధి చేయడమంతా చూపించి, ఆ సమాధి తెరుచుకుంటుందేమోనన్న భయాన్ని తరాల మీదుగా మోయించింది. ఆ బీభత్సం లేకుండా ఆ భయం లేదు.

2022లో వచ్చిన ‘మసూద’ మీద నాకు ఎంతో గౌరవం. సాయికిరణ్ మొదటి సినిమా. ఒక తల్లి, ఆమె కూతురు, పక్క ఫ్లాట్‌లో చీటికీమాటికీ బెదిరిపోయే కుర్రాడు గోపి. మొదటి గంట దాదాపు వాళ్ల మామూలు జీవితమే. ఆ పిల్లకు ఏదో అవుతోందని తల్లి కంటే ముందు మనకు తెలుస్తుంది. కత్తులు, నెత్తురు వచ్చేసరికి ఆ తల్లి ఎవరో, గోపి ఎంత పిరికివాడో, అయినా ఎందుకు పారిపోలేకపోతున్నాడో మనకు తెలుసు.

ఇప్పుడు నా దిగులు ఎదురుచూపు గురించే. ‘సైకో’ మొదలయ్యాక ఎవర్నీ హాల్లోకి రానివ్వకూడదని హిచ్‌కాక్ థియేటర్లకు షరతు పెట్టాడు. ప్రేక్షకుడి కాలం తన చేతిలో ఉంటేనే ఆ విద్య పనిచేస్తుందని ఆయనకు తెలుసు. ఓటీటీలో ఆ కాలం ప్రేక్షకుడి బొటనవేలి కింద ఉంది. పది సెకన్లు ముందుకు, మరో పది. నెత్తురు దృశ్యాన్ని ఫోన్‌లో ముక్కగా చూసినా దాని పని అది చేస్తుంది, రీలుగా పంచుకోవచ్చు కూడా. అడుగుల చప్పుడు ఆగిపోయే ఆ నిమిషాన్ని అలా చూడలేం. ‘మసూద’ మొదటి గంటను వేలితో తోసేసినవాడికి రెండో గంటలో గోపి చేతులు వణకడం కనిపిస్తుంది, ఎందుకు వణుకుతున్నాయో తెలియదు.